తెర వెనుక తోబుట్టువులు: తోలుబొమ్మలాట హాస్యం, మార్క్స్ సోదరుల ప్రదర్శన జీవితం – ఒక తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలో, ఉదయగిరి – ఆత్మకూరు ప్రాంతంలోని కొండాపురం పరిసర గ్రామాల్లో రాత్రంతా కూర్చొని తోలుబొమ్మలాట చూసిన తరం ఇంకా ఉంది. క్షేత్రపర్యటనలో వారిని ‘ఏ కథ ఆడారు?’ అని అడిగితే సమాధానం తడబడేది. విరాటపర్వమని ఒకరంటే లంకాదహనమని మరొకరు అనేవారు. విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో బలంగా ఉండేది. మెట్టప్రాంతం కనుక మొదటిదే నిజమని సరిపెట్టుకున్నాను. కాని జుట్టుపోలిగాణ్ణి బంగారక్క ఏమని తిట్టిందని అడిగినప్పుడు మాత్రం ఎవరికీ తడబాటు లేదు. ఒక పెద్దామె ఆ మాట చెప్పబోయి, నా చేతిలోని రికార్డరు వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి, ‘అది రాసుకునే మాట కాదులే అబ్బయా’ అని ఊరుకున్నది.

ఆమె నాకు కొత్త సంగతి చెప్పలేదు. అంతకుముందే నా ఎం.ఫిల్. సిద్ధాంతవ్యాసం కోసం ఒక ప్రదర్శనను లిప్యంతరీకరించినప్పుడు నేనూ అదే పని చేశాను. పద్యాలను, వచనాన్ని యథాతథంగా రాసి, పోలిగాడు తెర మీదికి వచ్చిన ప్రతిచోటా ‘ఇక్కడ హాస్యసంభాషణ’ అని కుండలీకరణాల్లో పెట్టి ముందుకు సాగాను. అడిగిన వారెవరూ లేరు. చూసినవారికి ఏళ్ల తరబడి గుర్తున్న భాగం నా ప్రతిలో లేదు. వారు మరచిపోయిన భాగం మాత్రం భద్రంగా ఉంది.

ఈ లోపాన్ని సవరించుకునే ప్రయత్నమే ఈ వ్యాసం. తోలుబొమ్మలాటలోని హాస్యం కథకు అతికించిన వినోదం కాదనీ, ఒకే ఇంటివారు ఒకరి మాటకు ఒకరు మాట అందించుకుంటూ నిర్మించే ఉమ్మడి రచన అనీ నా ప్రతిపాదన. ఇందుకు పోలికగా అమెరికాలో వాడవిల్ రంగస్థలం మీద ఎదిగిన మార్క్స్ సోదరుల ప్రదర్శన జీవితాన్ని తీసుకుంటున్నాను. పాట, ఆట, గారడి, హాస్యం వంటి చిన్న చిన్న అంశాలను వరుసగా ప్రదర్శించే వినోదశాలా సంప్రదాయమే వాడవిల్. వ్యవసాయ గ్రామాల కళకూ, నగరాల టిక్కెట్టు వ్యాపారానికీ ఉన్న దూరం చిన్నది కాదు. అయినా ఒక్క ప్రశ్నకు ఈ పోలిక ఉపకరిస్తుంది: హాస్యానికి కర్త కుటుంబమే అయినప్పుడు దాని పాఠం ఎక్కడ ఉంటుంది?

ఇల్లే మేళం

తోలుబొమ్మల ప్రస్తావన 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోనే కనిపిస్తుంది. నేటికి తెలిసిన మేళాలు ప్రధానంగా కుటుంబ మేళాలు. తండ్రి, తల్లి, కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు కలిస్తేనే మేళం. తోలును పల్చగా చేసి, చెక్కి, రెండువైపులా రంగులద్దే పని మొదలుకొని హార్మోనియం, మద్దెల, తాళం, కాలికింద చెక్కల చప్పుడు వరకు అంతా ఇంటివారిదే. పురుషపాత్రలకు పురుషులు, స్త్రీపాత్రలకు స్త్రీలు గొంతునిస్తారు. తెర మీద భార్యాభర్తలైన బంగారక్క, జుట్టుపోలిగాడు తెర వెనుక అక్కాతమ్ముళ్లు కావచ్చు, వదినామరుదులు కావచ్చు, నిజంగానే ఆలుమగలు కావచ్చు. ప్రేక్షకుడికి కనిపించేది నీడ. వినిపించేది మాత్రం ఒకే ఇంటి గొంతులు.

ఈ కుటుంబాల్లో అనేకం మరాఠీ మూలాలు గలవి. ఇంట్లో మరాఠీ మాండలికం, తెర వెనుక తెలుగు. రంగనాథ రామాయణ ద్విపదను, భారత కథాపద్యాలను కంఠస్థం చేసిన వారికి ఆ భాష పాఠంగా వచ్చింది. పోలిగాడి భాష అలా వచ్చింది కాదు. అది సంతలో, రచ్చబండ దగ్గర, బియ్యం అడగడానికి వెళ్లిన ఇంటి గుమ్మంలో చెవికి తగిలిన భాష. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి యాసకు దగ్గరగా, ఆ ఊరి తగాదాకు దగ్గరగా జరిగే భాష. పద్యం ఊరూరికీ మారదు, పోలిగాడు మారతాడు. మేళం తన సొంత చెవితో, సొంత నోటితో చేసిన రచన ఏదంటే ఈ భాగాన్నే చూపవలసి ఉంటుంది.

రంగనిర్వహణలోనూ హాస్యపాత్రల స్థానం విశిష్టమైనది. సభలో కూర్చున్న రాజులను, రుషులను తరచుగా ముళ్లతో తెరకు గుచ్చి నిలుపుతారు. పోలిగాడు, బంగారక్క, వారి మధ్య దూరే కేతిగాడు అలా నిలబడరు. వస్తారు, దూకుతారు, కొట్టుకుంటారు, పోతారు. ఒక ఘట్టం ముగిసి బొమ్మలు మార్చే వ్యవధిలో, తెల్లవారుజామున ప్రేక్షకుల కళ్లు మూతలు పడే వేళలో వారు ప్రవేశిస్తారు. అందువల్ల వారి పాత్రను విరామాన్ని పూరించే సాధనంగా మాత్రమే వివరించడం పరిపాటి. అయితే రాత్రి ఎంతసేపు సాగాలి, ఏ ఘట్టాన్ని కుదించాలి, ఎవరికి నిద్ర వస్తున్నది అన్న సంగతులు తెలిసేది ప్రేక్షకులతో సూటిగా మాట్లాడే ఈ పాత్రల ద్వారానే. ప్రదర్శన పగ్గాలు కనిపించకుండా వారి చేతిలో ఉంటాయి. 1980లలో తోలుబొమ్మలాటను పరిశోధించిన అమెరికన్ పండితుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ ఈ విదూషకుల అధికారం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాడు. ఆ అధికారం కుటుంబ సంబంధం నుంచి ఎలా వస్తుందన్నది ఇక్కడ నా ప్రశ్న.

మార్క్స్ సోదరులు: పాట నుంచి నవ్వుకు

మార్క్స్ సోదరులు న్యూయార్కులో స్థిరపడిన వలస యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి అల్సేస్ నుంచి వచ్చిన దర్జీ. తల్లి మిన్నీ జర్మనీ నుంచి వచ్చింది; ఆమె పుట్టింటిది ప్రదర్శకుల కుటుంబం. ఆమె తమ్ముడు అల్ షీన్ వాడవిల్ రంగంలో పేరు పొందిన హాస్యనటుడు. పెద్దలు జర్మన్ మాట్లాడే ఇంటి నుంచి పిల్లలు ఇంగ్లీషు రంగస్థలం మీదికి వచ్చారు. లెనార్డ్, అడాల్ఫ్, జూలియస్, మిల్టన్, హెర్బర్ట్ అనే అయిదుగురు అన్నదమ్ములు లోకానికి చికో, హార్పో, గ్రౌచో, గమ్మో, జెప్పోలుగా తెలుసు. 1914లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌లో పేకాట ఆడుతూ ఆర్ట్ ఫిషర్ అనే సహప్రదర్శకుడు సరదాగా తగిలించిన పేర్ల నుంచే వీటిలో చాలావరకు స్థిరపడ్డాయి. పోలిగాడికి జుట్టు, బంగారక్కకు ‘అక్క’ పేరులో భాగమైనట్లే వీరికి వీణ వంటి హార్ప్ వాద్యం, గుణం, అలవాటు పేర్లయ్యాయి.

వీరు మొదట హాస్యగాళ్లు కారు. 1905లో గాయకుడిగా గ్రౌచో రంగస్థలం ఎక్కాడు. తరువాత తల్లి మిన్నీ నిర్వహణలో సోదరులు ‘నైటింగేల్స్’ పేరుతో పాటల బృందంగా ఊళ్లు తిరిగారు. నవ్వు ఎలా వచ్చిందన్నదానికి వారు చెప్పుకొన్న కథ ఒకటి ఉంది. టెక్సాస్‌లోని నాకొగ్డోచెస్ పట్టణంలో వీరు పాడుతుండగా వీధిలో కంచరగాడిద ఒకటి తెంచుకొని పరుగెత్తింది. ప్రేక్షకులందరూ దాన్ని చూడడానికి బయటికి పోయారు. వారు తిరిగివచ్చాక కోపంతో గ్రౌచో ఆ ఊరినీ, ఊరివారినీ ఎగతాళి చేశాడు. కొట్టడానికి రావలసినవారు పగలబడి నవ్వారు. కథలో వివరాలు చెప్పినప్పుడల్లా మారుతుంటాయి కాబట్టి దీన్ని చరిత్రగా కాక ఐతిహ్యంగానే స్వీకరించాలి. అయినా ఆ ఐతిహ్యం చెప్పే సూత్రం విలువైనది: వల్లించిన పాట పక్కకు తప్పుకున్నప్పుడు, ఆ ఊరిని ఉద్దేశించి ఆ క్షణాన పలికిన మాటలో హాస్యం పుట్టింది. పోలిగాడి హాస్యానికీ జన్మస్థానం ఇదే.

1914లో మేనమామ అల్ షీన్ వారికోసం ‘హోమ్ అగైన్’ రాశాడు. అందులో హార్పోకు రెండు మూడు మాటలకు మించి దక్కలేదు. అతని మూకాభినయం అద్భుతమనీ, నోరు విప్పగానే ఆ మాయ చెదిరిపోతున్నదనీ ఒక సమీక్షకుడు రాయడంతో హార్పో రంగస్థలం మీద మాట్లాడడమే మానేశాడని ప్రసిద్ధ వృత్తాంతం. చికో ఇటాలియన్ వలసజీవి యాసను తనదిగా చేసుకున్నాడు. గ్రౌచో మొదట జర్మన్ యాసతో నవ్వించాడు. 1915లో లూసిటానియా ఓడ మునిగిన తరువాత జర్మన్ల మీద ద్వేషం పెరగడంతో ఆ యాసను విడిచిపెట్టాడు. గమ్మో మొదటి ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో చేరి తప్పుకోగా చిన్నవాడైన జెప్పో ఆ స్థానంలోకి వచ్చాడు. ఇంట్లో ఒక ఖాళీ ఏర్పడితే ఇంట్లోంచే పూరించడం కుటుంబ మేళాల పద్ధతి. మన తోలుబొమ్మలాట మేళాలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

1924లో ‘ఐల్ సే షీ ఈజ్’ ప్రదర్శనతో వారు బ్రాడ్వే చేరారు. ‘ది కోకోనట్స్’ (1925), ‘యానిమల్ క్రాకర్స్’ (1928) నాటకాలుగా విజయవంతమై, 1929, 1930 సంవత్సరాల్లో చలనచిత్రాలయ్యాయి. ‘డక్ సూప్’ (1933) తరువాత జెప్పో నటనకు స్వస్తి చెప్పాడు. మిగిలిన ముగ్గురూ 1935లో ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ చేశారు. 1941లో విరమణ ప్రకటించి, మళ్లీ వచ్చి, 1949 నాటి ‘లవ్ హ్యాపీ’తో ఉమ్మడి చిత్రాలను ముగించారు. పాటల బృందంగా బయలుదేరి, వినోదశాలలు, నాటకశాలలు దాటి సినిమాకు చేరిన ఈ ప్రయాణంలో నా వాదానికి అవసరమైన ఘట్టాలు రెండు.

రెండు ఘట్టాలు

మొదటిది జెప్పోకు సంబంధించింది. ‘యానిమల్ క్రాకర్స్’ నాటకం ఆడుతున్న కాలంలో గ్రౌచో శస్త్రచికిత్స కోసం ఆస్పత్రిలో చేరినప్పుడు జెప్పో అతని వేషం కట్టి రక్తి కట్టించాడు. నలుగురిలో నవ్వించని పాత్ర ఎప్పుడూ జెప్పోదే. విమర్శకులు అతణ్ణి పట్టించుకోలేదు. కాని గ్రౌచో విసిరే మాటల వేగం, విరుపు, నడక అన్నీ అతనికి వచ్చు. ‘డక్ సూప్’లో పేరుపొందిన అద్దం ఘట్టానికీ ఆధారం ఇదే. లేని అద్దానికి అవతల గ్రౌచో ప్రతిబింబంలా హార్పో నిలబడి, అతని ప్రతి కదలికనూ అనుకరిస్తాడు. అన్నదమ్ముల పోలిక, చిన్ననాటి నుంచి కలిసి మెలిగిన చనువు లేకుంటే ఆ ఘట్టం అంత నమ్మకంగా నిలవదు. ‘గ్రౌచో హాస్యం’ అని మనం అంటున్నది ఒక్క గ్రౌచో ఆస్తి కాదు, ఇంటి ఉమ్మడి ఆస్తి. తోలుబొమ్మలాటలో తండ్రి పలికిన పోలిగాణ్ణి కొడుకు పలుకుతాడు. బొమ్మ అదే, గొంతు వేరు, పోలిగాడు మాత్రం మారడు.

రెండవది ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ నిర్మాణానికి సంబంధించింది. నిర్మాత ఇర్వింగ్ థాల్‌బర్గ్ చిత్రీకరణకు ముందు హాస్యఘట్టాలను ఊళ్లలో రంగస్థలం మీద ఆడించాడు. రచయితలు వెంట ఉండి ఏ మాటకు నవ్వు వచ్చిందో, ఎంతసేపు నిలిచిందో గమనించి, దాన్నిబట్టి సంభాషణలను దిద్దారు. కోట్ల ప్రేక్షకుల కోసం తీసే సినిమా కూడా తన హాస్యపాఠం కాగితం మీద పూర్తికాదని ఒప్పుకున్నది. నవ్వు పడిన చోటు, నవ్వు ఆగేవరకు పట్టిన వ్యవధి ఆ పాఠంలో భాగాలే. నా కుండలీకరణాల్లో లేనివి సరిగ్గా ఇవే.

కర్తృత్వం: జంటకవుల పాఠం

‘ఇందులో ఎవరి మాట ఎవరిది?’ అన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు. తిరుపతి వేంకటకవుల్లో ఏ పద్యం దివాకర్ల తిరుపతిశాస్త్రిది, ఏది చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది అని విడదీయకుండానే వారిని చదువుతున్నాం. పింగళి కాటూరి కవులను అలాగే గౌరవిస్తున్నాం. కొప్పరపు వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి స్వయానా అన్నదమ్ములు. సభలో నిలబడి ఆశువుగా పద్యం చెప్పిన ఆ సోదరకవుల ప్రతిభలో ప్రదర్శన ఒక ముఖ్యాంశం. అంటే ఇద్దరు కలిసి ఒక్క గొంతు కావడం, అప్పటికప్పుడు అల్లడం, సభ స్పందనను బట్టి మలుపు తిప్పడం అనే లక్షణాలను మనం కవిత్వంగా గుర్తించగలం. అవే లక్షణాలు తోలుతెర వెనుక కనిపిస్తే ‘హాస్యసంభాషణ’ అని కుండలీకరణాల్లో పెడుతున్నాం. ఈ తేడా ప్రతిభకు సంబంధించినది కాదు. పద్యం, వచనం అన్న భేదానికీ, దాని వెనుక నిలిచిన సామాజిక స్థాయికీ సంబంధించినది.

సాహిత్యచరిత్రలోనూ ఈ జంటకు బంధువులు లేకపోలేదు. కొరవంజుల్లోని సింగి, సింగడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామను ఆటపట్టించే మాధవి. బుర్రకథలో కథకుని పక్కన నిలిచే హాస్యపు వంత ఈ కోవకు చెందినవారే. వీరందరిదీ ఒకే పని: గంభీరమైన కథను ఊరి భాషలోకి దించడం. అయితే కొరవంజి గ్రంథస్థమైంది కనుక సింగీ సింగల సంవాదం పరిశోధనకు అందింది. బంగారక్క నోటిమాట ఆ మేలుకు నోచుకోలేదు.

బొమ్మలాట నుంచి నాటకానికి మారిన కుటుంబాల అనుభవమూ ఇక్కడ గమనింపదగినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో వనారస గోవిందరావు ఆరంభించిన సురభి నాటక సంప్రదాయం తోలుబొమ్మలాట కుటుంబాల నుంచి వచ్చిందే. నీడకు బదులు మనిషే రంగం మీదికి వచ్చాడు. ఇల్లే సమాజంగా సాగే పద్ధతి మాత్రం మారలేదు. సినిమా వచ్చాక ఆ పద్ధతికి చోటు తగ్గింది. రేలంగి – గిరిజ, రాజబాబు – రమాప్రభ జంటల కలహహాస్యంలో పోలిగాడి, బంగారక్కల నీడ కనిపిస్తుంది. కాని ఆ జంటలను కలిపింది ఇల్లు కాదు, చిత్రపరిశ్రమ. రాజబాబు తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్ కూడా హాస్యనటులే అయినా ఆ ముగ్గురూ ఒక సోదరబృందంగా కాక ఎవరికి వారుగానే ప్రేక్షకులకు తెలుసు. మార్క్స్ సోదరులను సినిమా బృందంగానే స్వీకరించింది. మన హాస్యాన్ని విడివిడి వేషాలుగా పంచింది.

అశ్లీలత అనే అభ్యంతరం

హాస్యభాగాన్ని విడిచిపెట్టడానికి పరిశోధకులు చెప్పే కారణం అశ్లీలత. దీన్ని తేలికగా కొట్టివేయడం నిజాయితీ కాదు. కేతిగాడి మాటల్లో, చేష్టల్లో బూతు ఉంది. స్త్రీని, కొన్ని కులాలను, అంగవైకల్యాన్ని కించపరిచే మాటలూ ఉన్నాయి. చికో యాసలో వలసజీవి పట్ల ఎగతాళి ఉన్నట్లే ఇదీ ఉంది. భరతుడు హాసాన్ని స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు విధాలుగా విభజించి, చివరి రెండింటినీ అధమప్రకృతులకు చెప్పాడు. ఆ కొలత ప్రకారం చూస్తే పోలిగాడు తెచ్చే నవ్వు అట్టడుగుదే.

కాని అట్టడుగుది అనడం వేరు, లేదనడం వేరు. శాస్త్రకారుడు అతిహసితాన్ని లక్షణంలో చేర్చి వర్ణించాడు. మనం పాఠంలోంచే తొలగించాం. తొలగించినందువల్ల బూతుతోపాటు ఇతర విషయాలూ పోయాయి. భర్త తాగుడును, అప్పును, పనిదొంగతనాన్ని నలుగురిలో నిలదీసే బంగారక్క పోయింది. ఊరిపెద్దను పేరు చెప్పకుండా గిల్లిన పోలిగాడు పోయాడు. ఒకే ఇంటివారు తెర చాటున వరస మరచి ఆలుమగలుగా తిట్టుకొని, తెల్లవారాక మళ్లీ అక్కాతమ్ముళ్లుగా బొమ్మలు సర్దుకునే విచిత్రమైన నటనానియమమూ పోయింది. నీడ ఇచ్చిన ఆ స్వేచ్ఛ హద్దులను అధ్యయనం చేయాలంటే మాట మన ముందు ఉండాలి. మాటను ఖండించడానికైనా ముందు దాన్ని రాయాలి.

ఈ హాస్యం మూలకథలో లేదు కనుక ప్రక్షిప్తమని మరొక వాదం. ఒక కర్త రాసిన మూలం, దాని మీద చేరిన అదనం అనే విభజన తాళపత్ర పరిష్కరణకు పనికివస్తుంది. రాత్రి రాత్రికీ కొత్తగా పుట్టే ప్రదర్శనకు దాన్ని వర్తింపజేస్తే, మేళం అరువు తెచ్చుకున్నది మూలమవుతుంది, మేళం సృష్టించింది ప్రక్షిప్తమవుతుంది.

ఉపసంహారం

మార్క్స్ సోదరుల హాస్యం గొప్పదై, మన బొమ్మలాట హాస్యం చిన్నదై మొదటిది నిలవలేదు. వారి ప్రదర్శన జీవితపు చివరి మజిలీలో కెమెరా ఉంది. అయినా వాడవిల్ రోజుల్లో వారు ఊరూరా అప్పటికప్పుడు కల్పించిన మాటల్లో చాలాభాగం వారికీ దక్కలేదు. మన మేళాలకు ఆ చివరి మజిలీ రాలేదు. వచ్చిన చోట మన కుండలీకరణాలు అడ్డుపడ్డాయి.

అందువల్ల లిప్యంతరీకరణలో మూడు మార్పులు అవసరమని భావిస్తున్నాను. హాస్యసంభాషణను పద్యంతో సమానంగా పూర్తిగా నమోదు చేయాలి. ఏ పాత్రకు ఎవరు గొంతునిచ్చారో, వారిలో వారికి వరస ఏమిటో పేర్లు వెల్లడించకుండానే సూచించాలి. నవ్వు పడిన చోటును, ప్రేక్షకుల ఎదురుమాటను పాఠంలో భాగంగా గుర్తించాలి. ప్రచురించదగిన మేరను కళాకారులతో కలిసి నిర్ణయించుకోవచ్చు. నమోదును మాత్రం ఆ నిర్ణయం ఆపకూడదు.

ఈ ఆలోచనతో నా పాత ధ్వనిముద్రణను తిరిగి వింటున్నాను. ‘ఇక్కడ హాస్యసంభాషణ’ అని నేను రాసిన మొదటి చోట పోలిగాడు నీళ్లు నమిలితే తెర వెనుక నుంచే ఒక స్త్రీ గొంతు అతనికి మాట అందిస్తుంది. ఆ వెంటనే బంగారక్కగా మారి అదే మాట మీద అతణ్ణి దులుపుతుంది. మాట అందించింది ఇంటి మనిషి, దులిపింది పాత్ర. ఆ రెండింటి మధ్య వ్యవధి ఒక్క ఊపిరి. కొండాపురం పెద్దామె రాసుకునే మాట కాదన్నది బహుశా బంగారక్క తిట్టును గురించే కావచ్చు. ఆ ఊపిరినైనా రాసుకోవలసిన బాధ్యత పరిశోధకులుగా మనకున్నది.